దిమ్మెలో దాగిన దైవము



నేటి మా ప్రసంగమునకు విషయము బొమ్మలు. రేడియోలో బొమ్మలను గూర్చి చెప్పబూనుట చెవికి రంగులు చూపబూనుట వంటిదని కొందరు అనవచ్చును. కాని మేము చెప్పబోవు బొమ్మలకు పుట్టుకతో రంగు లేదు. నల్లని గీత, తెల్లని కాగితము, ఈ రెండే వాని ఆస్తి. ఆ గీతను పుట్టించినది కుంచె కాదు, కొయ్యను తొలిచిన కత్తి. ఐదారు వందల సంవత్సరముల క్రిందట ఐరోపా ఖండమున సామాన్యుల ఇండ్లలోనికి క్రీస్తు రూపమును, సాధువుల చరిత్రలను కొనిపోయినవి ఈ కొయ్య అచ్చు బొమ్మలే. ఈ విద్యకు చుట్టమైన పని ఒకటి మన తెలుగుదేశమున పెడన, మచిలీపట్నములలో నేటికిని సాగుచున్నది. నిజామాబాదు అంగడిలో కలంకారీ దుప్పటి కొనిన గృహిణి చేతిలో నున్నది ఆ చుట్టరికపు గుర్తే. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి, అచ్చు బొమ్మ ఏ భాషలో మాటలాడును, ఆ భాషను దాని కిచ్చిన చేయి ఎవరిది అను సంగతిని విచారింపదలచితిమి.

మొదట పని తీరు చెప్పుదుము. కచ్చేరీలలో వాడు రబ్బరు ముద్రను అందరు ఎరుగుదురు. అందు ఉబ్బెత్తుగా నున్న అక్షరమే సిరా పట్టును. పల్లముగా నున్న చోటు కాగితమును తాకదు. కొయ్య అచ్చునకు సూత్ర మంతియే. ఐరోపాలో తరచుగా బేరి చెట్టు కొయ్యను వాడుచుండిరి. పలకను నారపొడవున కోసి, ఆరబెట్టి, నునుపు చేసి, దానిపై చిత్రకారుడు బొమ్మ గీయును, లేదా కాగితముపై గీసిన బొమ్మను దానిపై కెక్కింతురు. పిమ్మట పలక చెక్కువాని చేతికి వచ్చును. ఆతడు ప్రతి గీతకును ఇరువైపుల సన్నని కత్తితో కోసి, గీతకాని చోటునంతయు ఉలులతో తీసివేయును. చిత్రకారుడు గీతను వేసినాడు. చెక్కువాడు దానిని ముట్టకుండ, దాని చుట్టునున్న లోకమును తొలగించినాడు. నీడ చూపుటకై చిత్రకారుడు గీతపై అడ్డగీతలు గీసినచో, ఆ గీతల నడుమ మిగిలిన చిన్న చిన్న తెల్లని గళ్లను చెక్కువాడు ఒక్కొక్కటిగా త్రవ్వి తీయవలెను. చిత్రకారునికి అది ఒక్క విసురు, చెక్కువానికి అరపూట పని.

ఈ పనియందు రెండు కష్టములు కలవు. ఒకటి, అచ్చులో కుడి ఎడమ యగును, ఎడమ కుడి యగును. ఆశీర్వదించు చేయి కుడిచేయిగా కనబడవలె నన్నచో దిమ్మెపై దానిని ఎడమగా చెక్కవలెను. అక్షరములను తలక్రిందు చేసినట్లు వెనుకనుండి ముందునకు వ్రాయవలెను. రెండవది, తీసిన కొయ్య మరల రాదు. గీత తెగినచో, ఆ చోటును తొలిచి, క్రొత్త కొయ్యముక్కను బిగించి, మరల చెక్కుటయే శరణ్యము. కుంచెకు దిద్దుబాటు కలదు గాని ఉలికి లేదు.

పెడనలోని పని తీరును ఇంచుమించు ఇదియే. అచట బేరికి బదులు టేకు, కాగితమునకు బదులు నూలుబట్ట. ఒక నమూనాకు ఒక్క దిమ్మె చాలదు. హద్దుగీతకు ఒకటి, లోపలి పూతలకు వేరువేరు దిమ్మెలు ఉండును. అద్దకపువాడు దిమ్మెను రంగుమెత్తపై తాకించి, బట్టపై ఆన్చి, వెనుక అరచేతితో చరచును. ఒక దిమ్మె విడిచిన అంచునకు రెండవ దిమ్మె అంచు చేర్చుచు, గజముల కొలది బట్టను నింపుకొని పోవును.

ఈ విద్య మతముతో ముడిపడినది మొదట ఐరోపాలో కాదు. చైనా దేశపు దున్‌హువాంగ్ గుహలలో దొరికిన వజ్రచ్ఛేదిక సూత్రపు ప్రతి క్రీ.శ. 868లో అచ్చయినట్లు తనపైననే తేదీ చెప్పుకొనుచున్నది. దాని మొదటి పుటలో బుద్ధుడు తన శిష్యుడైన సుభూతికి ధర్మము బోధించుచున్న బొమ్మ కొయ్య అచ్చుతో వేయబడినది. ఐరోపాలో ఈ పని పెరుగుటకు కాగితము చౌక కావలసివచ్చెను. జర్మనీలోని నూరెంబర్గు నగరమున 1390లో ఉల్మన్ స్ట్రోమర్ అను వర్తకుడు కాగితపు మిల్లు నెలకొల్పెను. ఆ మీదట కొలది దశాబ్దములలో సాధువుల బొమ్మలు యాత్రాస్థలములయందును, సంతలయందును, మఠముల వాకిళ్లయందును అమ్ముడుపోవ నారంభించెను. తైలవర్ణ చిత్రము ప్రభువులకు, దేవాలయములకు చెల్లినది. కాగితపు బొమ్మ పేదవానికిని అందినది. ఆతడు దానిని గోడకు అంటించుకొనెను, పెట్టెమూతకు లోపల అతికించుకొనెను, ప్రార్థన పుస్తకములో దాచుకొనెను. మన ఇండ్లలో పటముల అంగడినుండి తెచ్చిన వేంకటేశ్వరుని పటమునకు గల స్థానమే ఆ బొమ్మకు ఆనాడు ఆ ఇండ్లలో కలదు.

1423 అను తేదీ గల బొమ్మ యొకటి దక్షిణ జర్మనీలోని బుక్స్‌హైము మఠమున దొరకి, నేడు ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున జాన్ రైలాండ్స్ గ్రంథాలయములో నున్నది. తేదీ గల ఐరోపా కొయ్య అచ్చులలో ఇది మిక్కిలి ప్రాచీనమైన వానిలో నొకటి. అందు క్రిస్టఫర్ అను మహాకాయుడు ఒక బాలుని భుజముపై నెక్కించుకొని ఏరు దాటించుచున్నాడు. బాలుడు అడుగడుగునకు బరువగుచు వచ్చెననియు, ఆతడు లోకభారము మోయు క్రీస్తే యనియు కథ. ఒడ్డున ఒక సన్న్యాసి దీపము పట్టుకొని దారి చూపుచున్నాడు. వేరొక వైపున తిరుగలి ఆడు మిల్లు ఒకటి కలదు. క్రింద లాటిను భాషలో రెండు పంక్తులున్నవి. క్రిస్టఫర్ ముఖమును చూచిన నాడు చూచినవానికి దుర్మరణము రాదని వాని భావము. ప్రొద్దున లేచి ఒకమారు చూచి పనికి పోవుటకు చేసిన బొమ్మ యన్న మాట. ఏరు దాటి పొలమునకు పోవువానికి అది అందమైన వస్తువు మాత్రమే కాదు, ఆనాటి బ్రతుకునకు అభయము.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. ఇంత మోటుగా చెక్కిన బొమ్మలో, చూచువాడు ఈతడు క్రిస్టఫరనియు, ఆతడు పేతురనియు ఎట్లు గుర్తించెను? ముఖమును బట్టి కాదు. సన్నని కనుచూపును, పెదవి వంపును కొయ్యలో నిలుపుట తొలినాటి పనివారికి సాధ్యము కాలేదు. కావున గురుతులే బొమ్మకు మాటలైనవి. చేత తాళపుచెవి యున్నచో ఆతడు స్వర్గద్వారపాలకుడైన పేతురు. ప్రక్కన ముండ్ల చక్రమున్నచో ఆమె ఆ చక్రముచే హింసింపబడనున్న కేథరిన్. సింహము మార్కునకు, ఎద్దు లూకాకు, డేగ యోహానునకు, రెక్కల మనిషి మత్తయికి. మరియమ్మ చెంత తెల్లని లిల్లీ పూవు ఆమె నిర్మలత్వమును చెప్పును. సిలువ పాదమున నున్న కపాలము ఆదామును తలపించును, అనగా మొదటి మానవుని పాపము, దాని పరిహారము ఒకేచోట కలిసినవని భావము. ధ్వజము పట్టిన గొఱ్ఱెపిల్ల మరణమును జయించిన క్రీస్తు.

ఈ చదువు మనకు క్రొత్త కాదు. శంఖచక్రములు చూచి విష్ణువనియు, త్రిశూలము చూచి శివుడనియు, ఎలుకను చూచి విఘ్నేశ్వరుడనియు చెప్పుటకు మన పల్లెలో ఎవ్వరును బడికి పోలేదు. వేపమండ చూచి పోచమ్మ ఉనికిని గుర్తింతురు. పీర్ల పండుగనాడు ఐదు వ్రేళ్ల పంజా గల పీరు లేచినప్పుడు హిందువులు, ముస్లిములు నను భేదము లేక దాని వెంట నడుతురు. మెదకు చర్చిలో, 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరములో, రంగుటద్దముల కిటికీలు క్రీస్తు జననమును, సిలువను, ఆరోహణమును చూపుచున్నవి. అక్షరము రాని భక్తుడును వానిని చదువగలడు. అయితే ఒక నియమము కలదు. గురుతు ముందుగా తెలిసినవానికే గురుతు. కథ మరచిపోయిన నాడు తాళపుచెవి ఇనుపముక్కయే, చక్రము బండిచక్రమే. బొమ్మలో అర్థము సగమే యుండును. తక్కిన సగము చూచువాడు తనతో తెచ్చుకొనవలెను.

ఈ గురుతుల భాషను మోటుదనమునుండి మహత్త్వమునకు ఎత్తినవాడు నూరెంబర్గు వాస్తవ్యుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్. ఆయన 1471లో ఒక స్వర్ణకారుని ఇంట జన్మించెను. 1486లో మైకేల్ వోల్‌గెముట్ అను చిత్రకారుని వద్ద శిష్యుడుగా చేరెను. ఆ వోల్‌గెముట్ కర్మశాలలోనే సిద్ధమైన నూరెంబర్గు చరిత్ర గ్రంథము 1493లో వెలువడినది. అందు 1800లకు పైగా బొమ్మలున్నవి గాని చెక్కిన దిమ్మెలు సుమారు 645 మాత్రమే. అనగా ఒకే రాజు ముఖము పలువురు రాజులకు, ఒకే పట్టణము పలు పట్టణములకు పనికివచ్చినది. నాటి పాఠకుడు దానిని మోసముగా తలపలేదు. కిరీట మున్నచో రాజు, గోపుర మున్నచో నగరము. గురుతు చాలు, పోలిక అక్కరలేదు.

డ్యూరర్ ఇరువది యొక్క సంవత్సరముల వయసున, 1492లో, స్విట్జర్లండులోని బాసెల్ నగరమున సాధువు జెరోము లేఖల పుస్తకమునకు ముఖచిత్రము గీసెను. జెరోము సింహపు పాదమునుండి ముల్లు తీయుచున్నాడు. ప్రక్కన హీబ్రూ, గ్రీకు, లాటిను భాషలలో మూడు గ్రంథములు తెరచియున్నవి. ఆయన బైబిలును లాటినులోనికి తెచ్చిన పండితుడని సింహమును, పుస్తకములును కలిసి చెప్పుచున్నవి. ఆ దిమ్మె నేటికిని బాసెల్ మ్యూజియమున కలదు. దాని వెనుక డ్యూరర్ పేరు వ్రాసియున్నది. అచ్చయిన కాగితముపై ఆ పేరు లేదు. కొయ్య వెనుక చీకటిలో ఆ పేరు శతాబ్దములు దాగియుండెను.

ఆరేండ్లు గడచిన పిమ్మట, 1498లో, డ్యూరర్ బైబిలులోని ప్రకటన గ్రంథమునకు పదునైదు పెద్ద బొమ్మలను వేసి, జర్మను, లాటిను ప్రతులుగా తానే ప్రకటించెను. అందు నలుగురు ఆశ్వికుల బొమ్మ జగత్ప్రసిద్ధము. నలుగురు రౌతులు ఆకాశమున ఒకరి ప్రక్క నొకరు దూసుకొని వచ్చుచుందురు. మొదటివాని చేత విల్లు, రెండవవాని చేత కత్తి, మూడవవాని చేత త్రాసు. త్రాసు కరవునకు గురుతు, గింజలు తూచి అమ్ము కాలము వచ్చినదని అర్థము. నాలుగవవాడు మృత్యువు, ఎముకలు తేలిన గుఱ్ఱముపై ఎముకలు తేలిన ముదుసలి. వాని గుఱ్ఱము కాళ్లక్రింద పురుషులు, స్త్రీలు పడియున్నారు. ఎడమ మూల నరకపు నోరు తెరచికొని, అధికార చిహ్నమును తలపై ధరించిన పెద్దమనిషి నొకనిని మ్రింగుచున్నది. మృత్యువు ముందర పదవి చెల్లదని చెప్పుటకు వేరు వ్రాత యక్కరలేదు.

ఆ బొమ్మలో పని ఎట్టిదో గమనింపుడు. పూర్వపు అచ్చులు హద్దుగీతలు మాత్రమే ఇచ్చి, రంగును చేతితో పూయుటకు చోటు విడిచినవి. డ్యూరర్ గీత లావగుచు సన్నగిల్లుచు, ఒకచోట మేఘమై, ఒకచోట గుఱ్ఱపు కండయై, ఒకచోట గాలియై నడచును. వెనుక అడ్డముగా దట్టించిన గీతలచేత నలుగురి వేగము కంటికి తగులును. రంగు వేయుటకు చోటు లేదు, అవసరమును లేదు. ఈ దిమ్మెలను డ్యూరర్ స్వయముగా చెక్కెనా, వృత్తిగాండ్రచే చెక్కించెనా యనునది పండితుల నడుమ తెగని వాదము. ఎవరు చెక్కినను, బొమ్మ క్రింద మిగిలినది ఎ, డి అను రెండక్షరముల డ్యూరర్ ముద్ర యొక్కటే. ఆ ముద్రకు వెల యంతగా పెరిగెను. ఇటలీలో మార్కాంటోనియో రైమొండి అను పనివాడు డ్యూరర్ వేసిన మరియమ్మ చరిత్ర బొమ్మలను ముద్రతో సహా రాగిరేకులపై నకలు చేసెను. డ్యూరర్ వెనిస్ ప్రభుత్వమునకు మొరపెట్టుకొనగా, ముద్ర వాడరాదని మాత్రమే తీర్పు వచ్చెనని చరిత్రకారుడు వసారి వ్రాసినాడు. 1511లో ఆ బొమ్మలు పుస్తకముగా వెలువడినప్పుడు నకలుగాండ్రకు చక్రవర్తి పేరిట హెచ్చరిక కూడ అచ్చయినది. గీసినవాని పేరు ఈ విధముగా సొత్తైనది. చెక్కినవాని పేరు అడిగినవారే లేరు.

గురుతునకు గల బలము వలన అది ఆయుధము కూడ కాగలదు. 1522 సెప్టెంబరులో మార్టిన్ లూథర్ జర్మను భాషలోనికి తెచ్చిన క్రొత్త నిబంధన విట్టెన్‌బెర్గులో అచ్చయినది. ప్రకటన గ్రంథపు భాగమునకు లూకాస్ క్రానఖ్ కర్మశాల బొమ్మలు వేసినది. అందు బాబిలోను పాపాత్మురాలి తలపై పోపు ధరించు మూడంతస్తుల కిరీటముండెను. చూచిన వెంటనే ఎవనిని తిట్టుచున్నారో అందరికిని తెలిసెను. డిసెంబరులో మరల అచ్చు వేసినప్పుడు ఆ కిరీటము రెండంతస్తులు కోల్పోయి సాధారణ కిరీటముగా మారెను. దిమ్మెపై కొలది కొయ్య తీసివేసిరి, అంతియే. ఒక వివాదపు వేడిని తగ్గించుటకు ఒక చెక్కువాని కత్తి చాలినది.

ఇక చెక్కువాని పేరు నిలిచిన అరుదైన సందర్భ మొకటి చెప్పుదుము. హాన్స్ హోల్‌బైన్ అను చిత్రకారుడు బాసెలులో మృత్యునృత్యము అను బొమ్మల వరుస గీసెను. వానిని కొయ్యపై చెక్కినవాడు హాన్స్ ల్యూట్జెల్‌బర్గర్. ఒక్కొక్క బొమ్మ ఎత్తు సుమారు ఆరున్నర సెంటీమీటర్లు, వెడల్పు ఐదు. అరచేతిలో సగము పట్టదు. అంత చోటులో మృత్యువు పోపు వద్దకు, రాజు వద్దకు, వైద్యుని వద్దకు, వర్తకుని వద్దకు, పసిబాలుని వద్దకు వచ్చును. పలు బొమ్మలలో ఒక మూల ఇసుక గడియారముండును.

వానిలో రైతు బొమ్మను బోధను ప్రాంతపు శ్రోతలు ప్రత్యేకముగా తలచుకొనవలెనని మా కోరిక. వంగిన నడుముతో ముదుసలి రైతు నాగలి పట్టియున్నాడు. చాలు చివరకు వచ్చినది. గుఱ్ఱముల ప్రక్కన అస్థిపంజరము కొరడా పట్టుకొని పరుగెత్తుచు వానిని తోలుచున్నది. దూరమున కొండల వెనుక సూర్యుడు అస్తమించుచున్నాడు. ఎదుట గ్రామపు చర్చి కనబడుచున్నది. రాజు వద్ద మృత్యువు ఎగతాళి చేయును. ఇచట ఎగతాళి లేదు. పాలేరువలె తోడుగా పరుగెత్తి, మిగిలిన చాలును ముగింపించుచున్నట్లున్నది. సూర్యాస్తమయము పగటికి ముగింపు, ఆయువునకును ముగింపు, శ్రమకును ముగింపు. ఒక్క గురుతు మూడర్థములు చెప్పినది. ఇంటికి పోవు దారి, దేవుని వద్దకు పోవు దారి ఒక్కటే యైనవి. చెరకుతోటలో ప్రొద్దు క్రుంకు వేళ కడపటి మడికి నీరు మళ్లించిన పెద్దకు ఈ బొమ్మ పరాయి దేశపుదని తోచదు.

ఆ సూర్యకిరణములను గోటిమందము చోటులో నిలిపినవాడు ల్యూట్జెల్‌బర్గర్. ఆతడు 1526లో, పని పూర్తి కాకమునుపే మరణించెను. దిమ్మెలు అప్పుక్రింద ఫ్రాన్సులోని లియోన్ నగరపు ముద్రాపకులకు చేరెను. అచట 1538లో పుస్తకము వెలువడెను. ఆ పుస్తకమున చిత్రకారుడైన హోల్‌బైన్ పేరు లేదు. కాని దొరసాని బొమ్మలో మంచముపై హెచ్, ఎల్ అను రెండు చిన్న అక్షరములున్నవి. అవి ల్యూట్జెల్‌బర్గర్ గురుతులు. మృత్యువును చెక్కుచు మృత్యువు వాత పడిన పనివాడు, మంచపు కోడుపై తన పేరు విడిచిపోయెను.

ఇప్పుడు మన సీమకు వత్తము. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము గొప్ప రేవు. అచటినుండి అద్దకపు వస్త్రములు పర్షియాకు పోవుచుండెను. ఆ దేశపు కోరిక ననుసరించి నేసిన వానిలో నమాజు వస్త్రములు కలవు. శ్రీకాళహస్తి పనివాడు కలముతో రామాయణ భారత కథలను, దేవతలను గీయును. మచిలీపట్నపు దిమ్మె నమాజు వస్త్రముపై ప్రాణిరూపమును చెక్కదు. ఆ మతమునకు ప్రార్థనాస్థలమున ప్రాణిరూపము తగదు. కావున దిమ్మె వేరు గురుతులను వెదకుకొనెను. మసీదులో మక్కా దిక్కును చూపు మిహ్రాబు కమాను బట్టపై గీయబడెను. దాని నడుమ సరుగువంటి నిటారు వృక్షము, జీవవృక్షము, పూలతీగ, స్వర్గపు తోటను తలపించు అంచులు నిలిచెను. ఎచట పరచినను ఆ బట్ట మసీదగును, కమాను దిక్కు చూపును. నూరెంబర్గు దిమ్మె ముఖము కుదరక గురుతును ఆశ్రయించినది. మచిలీపట్నపు దిమ్మె ముఖము కూడదని గురుతును ఆశ్రయించినది. ఇరువురికిని భక్తుని కన్ను తక్కిన పని చేసిపెట్టినది.

రంగులోను ఒక రహస్యము కలదు. బట్టను మొదట కరక్కాయ రసము, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టుదురు. నల్లరంగునకు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినముల తరబడి పులియబెట్టుదురు. బెల్లము పులిసి పుట్టిన ఆమ్లము ఇనుమును కరగించును. ఆ ద్రవము బట్టలోని కరక్కాయ వగరుతో కలిసిన చోట నలుపు పుట్టును. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసి, 2015లో మూతబడినది. ఆ నడుమ కాలమంతయు చెరకు రసపు వాసన ఈ ప్రాంతపు గాలిలో నుండెను. చెరకునకు తీపి మాత్రమే గుణమని మన మనుకొందుము. బట్టపై నిలిచిపోవు నల్లగీతకును చెరకే తల్లి యని పెడన పనివాడు ఎరుగును.

ఎరుపు విషయ మింకను చిత్రము. దిమ్మె ఎఱ్ఱరంగును అద్దదు, పటిక కలిపిన జిగురును అద్దును. అద్దినప్పుడు ఎరుపు కనబడదు. బట్టను పారు నీటిలో ఉతికి, చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్లతో మరిగించినప్పుడు, పటిక తాకిన చోట మాత్రమే ఎరుపు పట్టును. బొమ్మ ముందే బట్టలో నున్నది. నిప్పు, నీరు తగిలినగాని బయటపడదు. మేము ఈ ప్రసంగమునకు పెట్టిన పేరు ఇందువలననే సార్థకమని తలంచితిమి.

ఈ పనియందు దిమ్మె చెక్కువాని పేరెవ్వరికి తెలియును? అద్దినవాని పేరు వర్తకునకు తెలియును, వర్తకుని పేరు కొన్నవానికి తెలియును. దిమ్మె చెక్కినవాడు ల్యూట్జెల్‌బర్గర్ వలె మంచముపై రెండక్షరములైనను విడువడు. ఇంతలో యంత్రము వచ్చినది. తెర అచ్చు పద్ధతిలో కలంకారీ నమూనాను ఫొటోగా తీసి, రసాయనపు రంగులతో గంటలలో గజముల కొలది బట్ట అచ్చు వేయవచ్చును. చూపునకు నమూనా అదే, ధర చౌక. దానిచే దిమ్మె అద్దకపు వారి జీవనము దెబ్బతిన్నది. దిమ్మెకు పని తగ్గినచో చెక్కువానికి పని తగ్గును. చెక్కువాడు కొడుకునకు విద్య నేర్పుట మానినచో, ఉన్న దిమ్మెలు అరగిపోయిన పిమ్మట వానిని తిరిగి చెక్కు చేయి దొరకదు. పుస్తకములో నమూనా దాచవచ్చును. గీతను మిగిల్చి లోకమును తొలగించు నేర్పును ఏ పుస్తకములో దాతుము?

చౌకబట్ట కొనువానిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. ఐరోపాలో కొయ్య అచ్చు పుట్టినది కూడ చౌకదనము కొరకే. పేదవాని గోడకు సాధువు బొమ్మ నందించుటయే దాని గొప్పతనము. మా మనవి యొక్కటే. కొనునప్పుడు ఏది దిమ్మెపని, ఏది తెరపని అని అడిగి తెలిసికొని కొనుడు. దిమ్మెపని యని చెప్పి తెరపనిని అమ్మినప్పుడు మోసపోవునది కొన్నవాడు మాత్రమే కాదు, చెక్కినవాడు కూడ.

గుర్తించుట కష్టము కాదు. బట్టను వెలుతురులో పరచి, అంచువెంట చూపు నడపుడు. ఒక దిమ్మె ముగిసి మరియొకటి మొదలైన చోట గీత వెంట్రుకవాసి తప్పును. ఒకచోట రంగు చిక్కగా, ఒకచోట పలుచగా నుండును. ఎరుపు హద్దుగీతను ఒకింత దాటియుండును. తెరపనిలో గీత ఎచటను తప్పదు. వెంట్రుకవాసి తప్పిన ఆ చోటనే ఒక చేయి దిమ్మెను ఎత్తి మరల ఆన్చినది. పేరు వ్రాసికొనుట యెరుగని పనివాడు చేసిన సంతకము అదియే. దానిని చదువుట నేర్చికొన్న ఇల్లాలి కన్ను ఆ విద్యను మరికొంత కాలము బ్రతికించును.